ముందు మర గాలి తింటే... వెనక మరకు మిగిలేదెంత?

కల్లంలో తూర్పారబట్టేటప్పుడు ఒకరి వెనక ఒకరు నిలబడరు. ముందున్న మనిషి గాలికి అడ్డమైతే వెనకాయన చేటలోంచి జారిన పొట్టు ఎగరదు, కాళ్ల దగ్గరే పడుతుంది. ఇది రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. గాలిమరల లెక్కా ఇంతే.

అనంతపురం ప్రాంతంలో రామగిరి కొండల మీద 1990ల నుంచే మరలు తిరుగుతున్నాయి. తర్వాత పొలాల్లోకీ వచ్చాయి. 'పక్క పొలంలో పెట్టారు, నా పొలంలో ఎందుకు పెట్టరు? అదే గాలి కదా!' అని అడిగే రైతులున్నారు. గాలి అదే, కానీ పక్క మర దాటి వచ్చేసరికి దాని జోరు అదే కాదు.

రెక్కలు గాలి జోరును లాక్కునే కరెంటు చేస్తాయి. కాబట్టి మర వెనక గాలి నీరసించి, సుళ్లు తిరుగుతూ పోతుంది. ఇంజినీర్లు దీన్ని 'వేక్' అంటారు. మనం గాలి నీడ అనుకుందాం. పోనుపోను ఈ నీడ వెడల్పవుతుంది, పక్కల గాలి కలిసి మళ్లీ జోరు పుంజుకుంటుంది. ఎంత దూరానికి ఎంత పుంజుకుంటుందో చెప్పే తేలికైన సూత్రాన్ని డెన్మార్క్‌లోని రిసో పరిశోధన కేంద్రంలో ఎన్.ఓ. జెన్సన్ 1983లో రాశారు. ఎన్ని కొత్త పద్ధతులొచ్చినా దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు.

రెక్కల చక్రం అడ్డకొలత 100 మీటర్లనుకోండి. నేల మీద మామూలుగా తీసుకునే అంకెలతో ఆ సూత్రం వేస్తే, సరిగ్గా 500 మీటర్ల వెనకున్న మరకు గాలి వేగం 18 శాతం తగ్గుతుంది. అంతేగా అనుకోవద్దు. వేగం సగమైతే కరెంటు సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఆ లెక్కన 18 శాతం వేగం పోతే కరెంటు 45 శాతం పోతుంది! 700 మీటర్ల దూరంలో 35 శాతం, కిలోమీటరు దూరంలో 24 శాతం నష్టం. గాలి ఉధృతంగా వీచే రోజున మాత్రం వెనక మర కూడా నిండుగా తిరుగుతుంది, తేడా తెలియదు.

ఇది కాగితం లెక్కే కాదు. డెన్మార్క్ సముద్రంలో 2002లో నెలకొల్పిన హార్న్స్ రెవ్‌లో 80 మరలున్నాయి, ఒక్కోదానికి 560 మీటర్ల ఎడం. గాలి వరుస వెంబడి వచ్చినప్పుడు రెండో మర దగ్గరే కరెంటు మూడో వంతుకు పైగా పడిపోయింది. 2008 ఫిబ్రవరి 12న ప్రతి మర వెనకా పొగమంచు తోకలు సాగిన ఫొటో ఒకటి వచ్చింది. కంటికి కనపడని గాలి నీడ అందులో కనపడింది.

గాలి ఏడాదంతా ఒకే దిక్కు నుంచి రాదు కాబట్టి మొత్తం మీద నష్టం ఇంత ఉండదు. అయితే మన దగ్గర గాలి కరెంటులో ఎక్కువ భాగం నైరుతి రుతుపవనాల నెలల్లోనే వస్తుంది. అప్పుడు నీడ పడేది మరకు తూర్పు, ఈశాన్యం వైపు పొలాల మీద. అందుకే గాలి వెంబడి చక్రానికి 7 రెట్లు, అడ్డంగా 5 రెట్లు ఎడం పాటించడం వాడుక.

పొలానికి ఏటా ఇంత అని కౌలు రాసుకుంటే రైతుకు ఈ బాధ లేదు. యూనిట్ల మీద వాటా ఇస్తామంటే మాత్రం సంతకానికి ముందే మరల పటం అడిగి చూడండి. మీ మరకు నైరుతిలో ఏముంది? చెప్పిన యూనిట్లలో నీడ నష్టం తీసేశారా? రేపు ముందు పొలంలో ఇంకో మర లేస్తే తగ్గే యూనిట్లు ఎవరి లెక్కలో పడతాయి? జవాబులు నోటిమాటగా కాదు, ఒప్పందంలోనే రాయించుకోండి.