మురుగునీటిలో మిరప లెక్క

మీకు తెలుసా? ఊళ్లో కొవిడ్ పెరుగుతోందో తగ్గుతోందో తెలుసుకోవడానికి అందరి ముక్కుల్లో పుల్లలు పెట్టనక్కర్లేదు. మురుగు శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీళ్లు ఓ సీసాడు పట్టినా తెలుస్తుంది. వైరస్ సోకినవాళ్లలో చాలామంది మలంలో దాని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు బయటికొస్తాయి. దగ్గు, జ్వరం లేనివాళ్లకూ అంతే. ఇంట్లోనే కిట్‌తో పరీక్ష చేసుకుని ఎవరికీ చెప్పనివాళ్లు కూడా ఈ లెక్క తప్పించుకోలేరు.

2022లో బెంగళూరులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఫర్ జెనెటిక్స్ అండ్ సొసైటీలో ఫరా ఇష్తియాక్ బృందం 28 శుద్ధి కేంద్రాల నుంచి వారం వారం నమూనాలు తీసింది. అది సుమారు 1.1 కోట్ల మంది మురుగు. వైరస్ ఎంత ఉందో కొలవడమే కాదు, జన్యుక్రమం చదివి ఏ ఒమిక్రాన్ రకం ఎక్కడ ఎక్కువగా ఉందో కూడా చూశారు.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. 2020 ఆగస్టులోనే హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగును లెక్కగట్టి, అంతకుముందు 35 రోజుల్లో దాదాపు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉండొచ్చన్నారు. తెలంగాణ మొత్తమ్మీద అధికారిక కేసులు అప్పటికింకా లక్ష కూడా దాటలేదు! అప్పటి సీసీఎంబీ డైరెక్టర్ రాకేశ్ మిశ్రా తర్వాత బెంగళూరు సంస్థకే డైరెక్టరుగా వెళ్లారు.

మరి వానొస్తే? బెంగళూరు వాన సంగతి తెలిసిందే. వాన నీళ్లు డ్రైనేజీలో కలిస్తే వైరస్ పలచబడుతుంది, రోగం తగ్గినట్టు కనిపిస్తుంది. ఈ చిక్కు తీర్చడానికి ప్రపంచమంతటా వాడుతున్న ఉపాయం మిరప మొక్కలకు, క్యాప్సికానికి తెగులు తెచ్చే ఓ వైరస్. మనల్ని అదేమీ చెయ్యదు. కారంతో పాటు కడుపులోకి వెళ్లి, చెక్కుచెదరకుండా బయటికొస్తుంది. అమెరికా, సింగపూర్ వాసుల మలంలో ఇది పుష్కలంగా ఉందని 2006లో బయటపడింది. మిరప సాస్‌లలోనూ దొరికింది. సీసాలో మిరప వైరస్ కూడా పలచబడితే తగ్గింది రోగం కాదు, నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట. గుంటూరు కారం తినే ఊళ్లలో ఈ కొలబద్దకు కరువుండదు!

నన్నడిగితే, ‘ఇన్ని లక్షల మంది’ అనే అంకె కన్నా వారం వారం గీసిన గీతనే ఎక్కువ నమ్ముతాను. ఒక్కొక్కరి నుంచి వచ్చే వైరస్ ఒక్కోలా ఉంటుంది, దాన్ని తలల లెక్కలోకి మార్చడం కష్టం. గీత పైకి వెళ్తోందా కిందికి దిగుతోందా అన్నది మాత్రం తేలిగ్గానే తెలుస్తుంది. అదీ డ్రైనేజీ ఉన్న వీధుల్లోనే. సెప్టిక్ ట్యాంకు ఇళ్ల మురుగు శుద్ధి కేంద్రం దాకా పైపుల్లో రాదు కనుక, ఆ సీసాలో వాళ్ల లెక్క ఉండదు.