ఇష్టమైన కథల వరుస – విశ్లేషణాత్మక పఠనం

‘ఈ కథ చాలా బాగుంది, రచయిత చక్కగా వర్ణించారు.’ కథాసాహిత్యం ప్రశ్నకు చాలామంది విద్యార్థులు రాసే జవాబు ఇదే. ఇది అభిప్రాయం, విశ్లేషణ కాదు. విశ్లేషణ అలవడడానికి విమర్శగ్రంథాలతోనే మొదలుపెట్టనక్కరలేదు. ఇష్టంగా చదివిన కథల వరుస ఒకటి చాలు.

శంకరమంచి సత్యం రాసిన ‘అమరావతి కథలు’ తీసుకుందాం. 1970లలో ఆంధ్రజ్యోతి వారపత్రికలో బాపు బొమ్మలతో వచ్చిన వంద చిన్నకథలివి. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం పొందాయి. మీరు పిడుగురాళ్ల ప్రాంతంవారైతే సత్తెనపల్లి మీదుగా వెళ్లి ఆ ఊరు చూసి రావచ్చు. పరీక్షకు అవసరం లేదు గాని, వెళ్లండి.

ఈ కథల్లో ఊరు ఒక్కటే, కృష్ణ ఒక్కటే, అమరేశ్వరుడి గుడి ఒక్కటే. ఒక్క కథే చదివితే ఏది రచయిత అలవాటో, ఏది ఆ కథకే ప్రత్యేకమో తెలియదు. ఇరవై కథలు చదివేసరికి పోల్చడం దానంతటదే మొదలవుతుంది. నది ప్రతి కథలోనూ ఒకే పని చేయదని గమనిస్తారు. మొదటి కథ ‘వరద’లో ఏరు ఊరిమీద పడి, కులాల ఎడం పాటించే మనుషులను ఒకచోటికి చేరుస్తుంది. మరి నీరు తీశాక ఆ కలివిడి ఏమైంది? ముగింపు రెండోసారి చదవండి. మొదటిసారి మనం వరదను చూస్తాం, రెండోసారి మనుషులను చూస్తాం.

ఇష్టం మళ్లీ మళ్లీ చదివిస్తుంది. అదే ఇష్టం కొన్ని ప్రశ్నలను అడగనివ్వదు కూడా. ఈ ఊరిని ఎవరి కళ్లతో చూపిస్తున్నారు? ఎవరికి పేరుంది, ఎవరు పనిచేసి వెళ్లిపోతున్నారు? సున్నపు బట్టీల దగ్గర, మిరప కల్లాల్లో పనిచేస్తూ చదువుకునేవారికి ఊళ్లో ఎవరి చోటు ఎక్కడో ఎవరూ చెప్పనక్కరలేదు. మీరెరిగిన ఊరికీ కథలోని ఊరికీ పొంతన కుదరని చోటు తగిలితే దాటిపోకండి, గుర్తు పెట్టుకోండి. అది రచయితను తక్కువ చేయడం కాదు. మీ జవాబుకు అసలు సరుకు అక్కడే దొరుకుతుంది. అయితే ఆ మాటకు కథలోంచి ఆధారం చూపాలి. లేకపోతే అదీ ఉత్త అభిప్రాయమే.

అభ్యాసం: కృష్ణానది ముఖ్యంగా కనిపించే మూడు కథలు ఎన్నుకోండి. ఒక్కొక్క కథలో నది లేకపోతే ఏ సంఘటన జరగదో రెండేసి వాక్యాల్లో రాయండి.