డ్రాయింగ్ రాదని వదిలేశారా? లోపం చేతిలో కాదు, చూపులో.. రోజుకు 20 నిమిషాలు ఇలా ప్రాక్టీస్ చేయండి!

ఇంటర్ బైపీసీ రికార్డులో బొమ్మలు అక్కతోనో, ఫ్రెండ్‌తోనో వేయించుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. "నా చెయ్యి బొమ్మలకు పనికిరాదు" అని అప్పుడే డిసైడ్ అయిపోతారు. మళ్లీ పెన్సిల్ ముట్టుకోరు. కానీ 'ఋ', 'జ్ఞ' లాంటి మెలికల అక్షరాలు అలవోకగా రాసే చెయ్యికి గీత గీయడం కష్టమా? కానే కాదు. మరి బొమ్మ ఎందుకు కుదరదు? తేడా ఎక్కడ వస్తోంది?

బుర్రకు తెలిసిందే వేసేస్తాం

కొంచెం దూరంలో టేబుల్ మీద ఒక గాజు గ్లాసు పెట్టి బొమ్మ వేయమంటే.. చాలామంది గ్లాసు మూతిని దాదాపు గుండ్రంగా వేస్తారు. అడుగున మాత్రం అడ్డంగా ఒక గీత గీసేస్తారు. ఎందుకంటే మూతి గుండ్రంగా ఉంటుందని, అడుగు చదునుగా ఉంటుందని బుర్రకు తెలుసు. కానీ కూర్చున్న చోటు నుంచి కంటికి కనిపించేది వేరు. మూతి కోడిగుడ్డులా నొక్కినట్టు కనిపిస్తుంది. అడుగు కూడా వంపుగానే ఉంటుంది.. పైగా కంటికి ఇంకా కింద ఉంటుంది కాబట్టి, మూతి కంటే కాస్త ఎక్కువ వంపు తిరుగుతుంది.

ముఖం విషయంలోనూ ఇదే పొరపాటు. కళ్లను నుదుటికి దగ్గరగా వేసేస్తారు. అద్దం ముందు నిలబడి స్కేలుతో కొలవండి.. నడినెత్తి నుంచి గడ్డం వరకు చూస్తే కళ్లు దాదాపు సగంలో ఉంటాయి. అంటే స్కెచింగ్ ప్రాక్టీస్‌లో చేతి కంటే ముందు ట్రైనింగ్ ఇవ్వాల్సింది కంటికి.

27 ఏళ్లకు మొదలుపెట్టిన వాన్ గో

చిన్నప్పుడే రావాలి, ఇప్పుడు నేర్చుకుంటే రాదు అనుకునేవాళ్లకు విన్సెంట్ వాన్ గో మంచి ఉదాహరణ. ఆర్ట్ షాపులో పనిచేసి, టీచర్‌గా, మత ప్రచారకుడిగా ప్రయత్నించి, ఏదీ కుదరక.. 1880లో, 27 ఏళ్ల వయసులో ఆర్టిస్ట్ అవ్వాలని నిర్ణయించుకున్నారు. చార్లెస్ బార్గ్ తయారుచేసిన డ్రాయింగ్ పాఠాల షీట్లను ముందు పెట్టుకుని మళ్లీ మళ్లీ కాపీ చేశారు. కొలతలు సరిగ్గా రావడానికి దారాలు కట్టిన చెక్క ఫ్రేమ్‌లోంచి చూస్తూ గీశారు. 1890లో చనిపోయారు. అంటే ప్రపంచానికి తెలిసిన వాన్ గో కెరీర్ మొత్తం పదేళ్లే.

ఏం కొనాలి?

పెద్ద కిట్ అక్కర్లేదు. ఒక 2బీ పెన్సిల్, జేబులోనో బ్యాగులోనో పట్టే నోట్‌బుక్ చాలు. పెన్సిల్ మీద 'హెచ్' అంటే గట్టిది, గీత లేతగా పడుతుంది. 'బీ' అంటే మెత్తనిది, నల్లగా పడుతుంది. లెడ్ అని పిలిచే గ్రాఫైట్‌లో బంకమట్టి ఎంత ఎక్కువ కలిపితే పెన్సిల్ అంత గట్టిగా ఉంటుంది. రబ్బరు మాత్రం పక్కన పెట్టేయండి. తప్పు గీత పక్కనే సరైన గీత గీస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో కనిపిస్తుంది.

20 నిమిషాలు ఇలా..

మొదటి 5 నిమిషాలు.. స్పీడ్ స్కెచ్: బస్టాండ్‌లో మనుషులు, వీధిలో కుక్క.. ఏదైనా సరే. ఒక్కోదానికి 30 సెకన్ల నుంచి నిమిషం. కళ్లూ ముక్కూ వద్దు. ఎటు వంగారు, బరువు ఏ కాలి మీద ఉంది.. అంతవరకే.

తర్వాత 5 నిమిషాలు.. పేపర్ చూడకుండా: మీ ఎడమచేతినే చూస్తూ దాని అంచు వెంట కన్ను చీమలా నడవాలి. అదే వేగంతో పెన్సిల్ కదలాలి. బొమ్మ గజిబిజిగా వస్తుంది, పర్లేదు. ఇది కంటికి ఎక్సర్‌సైజ్.

చివరి 10 నిమిషాలు.. కొలిచి వేయడం: చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో చెంబు వెడల్పు కొలవండి. ఎత్తులో అది ఎన్నిసార్లు పడుతుందో చూడండి. ప్లాస్టిక్ కుర్చీ అయితే కాళ్ల మధ్య ఖాళీ ఏ ఆకారంలో ఉందో ముందు అది గీయండి. ఖాళీలు సరిగ్గా వస్తే కుర్చీ దానంతటదే వస్తుంది.

వారానికోసారి ఒక ఫొటోనో, బొమ్మనో తలకిందులుగా పెట్టి వేయండి. 1979లో వచ్చిన తన పుస్తకంతో బెట్టీ ఎడ్వర్డ్స్ పాపులర్ చేసిన పద్ధతి ఇది. కుడి మెదడు, ఎడమ మెదడు అంటూ ఆమె చెప్పిన థియరీని సైంటిస్టులు ఇప్పుడు అలాగే ఒప్పుకోరు. అయినా ఎక్సర్‌సైజ్ మాత్రం పనికొస్తుంది. తలకిందులైతే అది ముక్కని, ఇది చెవని బుర్ర పేర్లు పెట్టలేదు. ఉన్న గీతను ఉన్నట్టే చూడాల్సి వస్తుంది.

స్టూడెంట్స్‌కు మార్కులు కూడా

జేఈఈ మెయిన్‌లో బీఆర్క్ కోసం రాసే పేపర్-2ఏలో 400 మార్కులకు గాను 100 డ్రాయింగ్‌వే. కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే నాటాలోనూ డ్రాయింగ్ ఉంటుంది. పరీక్షకు నెల ముందు గంటలు గంటలు కూర్చోవడం కంటే ఇంటర్ ఫస్టియర్ నుంచే రోజూ కాసేపు గీస్తే ఎగ్జామ్ హాల్లో చెయ్యి తడబడదు.

సరిగ్గా ఇక్కడే మానేస్తారు

కొన్ని వారాలు గీశాక ఒక దశ వస్తుంది. నిన్నటిదాకా బాగానే ఉందనిపించిన బొమ్మలు ఒక్కసారిగా దారుణంగా కనిపిస్తాయి. "నాకిక రాదు" అనిపిస్తుంది. నిజానికి జరిగేది వేరు. కన్ను ముందుకెళ్లింది, చెయ్యి ఇంకా వెనకే ఉంది. ఇంతకుముందు కనిపించని తప్పులు ఇప్పుడు కనిపిస్తున్నాయి. అది రాకపోవడం కాదు, రావడం మొదలవడం. ఇంకొన్నాళ్లు ఆగితే చెయ్యి కూడా కన్నును అందుకుంటుంది.

అందుకే ప్రతి పేజీ మీద తేదీ వేయండి, ఏదీ చింపకండి. ఇవాళ టీ తాగాక ఆ ఖాళీ గ్లాసును ఒకసారి గీసి దాచుకోండి. నెల తర్వాత అదే గ్లాసును, అదే చోట పెట్టి మళ్లీ గీయండి. రెండు పేజీలూ పక్కపక్కన పెడితే.. ఎంత ముందుకొచ్చారో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.