నోరు మూసుకుని అన్నం ఎలా తినాలి?

"అన్నం తిన్నావా నాన్నా?" అని ఫోన్లో అమ్మమ్మ అడుగుతుంది. మూడేళ్ల మనవడు తల ఊపుతాడు. "పలకవేంరా? ఏం కూర?" అంటే కంచం ఎత్తి ఫోను ముందు పెడతాడు: "ఇదీ!" అది వీడియో కాల్ కాదు, మామూలు ఫోనే. తనకు కనిపించేది అమ్మమ్మకూ కనిపిస్తుందని వాడి లెక్క.

పసివాళ్ల మాటలు వింటూ, రాసుకుంటూ స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే 1923లో ఏకంగా పుస్తకమే వేశాడు. ఎదుటివాళ్ల వైపు నుంచి చూడటం ఆ వయసుకు ఇంకా పట్టుబడదని ఆయన వాదన. అది పిల్లలకు ఆయన అనుకున్నదానికన్నా ముందే మొదలవుతుందని తరవాతివాళ్లు సవరించారు.

కొన్ని మాటలు వింటే నవ్వొస్తుంది గానీ, వాటి వెనక గట్టి లెక్కే ఉంటుంది. బడికి, గుడికి, ఊరికి అని రోజూ వినే పిల్ల "ఇల్లుకి పోదాం" అంటుంది. బల్లులు, పిల్లులు అలవాటైన నోట "ఇల్లులు" వస్తుంది. పెద్దవాళ్లెవరూ అలా అనరు. అంటే అది విని అప్పజెప్పిన మాట కాదు, సూత్రం పట్టేసి సొంతంగా అల్లుకున్నది.

1958లో అమెరికాలో జీన్ బెర్కో సరిగ్గా దీన్నే పరీక్షించింది. పిట్టలాంటి బొమ్మ గీసి, ఏ నిఘంటువులోనూ లేని 'వగ్' అనే పేరు పెట్టింది. అవి రెండుంటే ఏమనాలి అని అడిగితే, నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది 'వగ్జ్' అన్నారు. అంతకుముందు వాళ్లు ఆ మాట విననేలేదు.

జాతీయాల దగ్గర అసలు చిక్కు. "ఇల్లు పీకి పందిరేస్తున్నావు" అని అమ్మ కసిరితే పిల్లాడు పైకి చూసి "పందిరేదీ?" అంటాడు. "నోరు మూసుకుని తిను" అంటే పెదాలు బిగించి, ముద్ద ఆనించి చూసి, "పోవట్లేదమ్మా" అని ఫిర్యాదు.

రష్యాలో పిల్లల కవి కొర్నేయ్ చుకోవ్‌స్కీ ఇలాంటి మాటల్నే పోగేసి 1928లో అచ్చు వేయించాడు. తల్లిదండ్రులు తమ పిల్లల మాటలు ఉత్తరాల్లో పంపుతుంటే ముద్రణ ముద్రణకూ ఆ పుస్తకం పెరుగుతూ పోయింది. తెలుగులో ముళ్ళపూడి వెంకటరమణ 'బుడుగు'లో ఏకంగా కథ చెప్పే పనే పిల్లాడికి అప్పగించాడు.

ఎవరి ముందు ఏది అనకూడదో తెలియడానికి ఇంకాస్త సమయం పడుతుంది. పక్కింటి అత్తయ్య అప్పుడే లేచి చెప్పులు వేసుకుంటోంది. నాలుగేళ్ల పిల్ల గుమ్మంలోంచే వంటింట్లోకి కేకేసింది: "అమ్మా, అత్తయ్య వెళ్లిపోతోంది. ఇప్పుడు జంతికల డబ్బా తియ్యొచ్చా?"