నోటిలోని ఊటను కాపాడుకొనుట

కొత్త ఆవకాయ పేరు వినగానే నోరూరును. ఈ నోరూరుట ఎంతటి భాగ్యమో అది నిలిచిపోయిననాడు గాని తెలియదు. తల, మెడ భాగములలోని క్యాన్సరుకు కిరణచికిత్స పొందినవారిలో పలువురికి ఈ కష్టము కలుగుచుండును. వ్యాధి నయమైనను, ప్రతి ముద్దకును నీరు త్రాగవలసివచ్చును. రాత్రివేళ నాలుక అంగిటికి అంటుకొని మెలకువ వచ్చును. దంతములు త్వరగా పుచ్చిపోవును. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు ‘అడ్డపొగ’ అలవాటువలన అంగిటి క్యాన్సరు వచ్చుట వైద్యులెరిగినదే. కనుక ఈ విషయము మన ఇండ్లకు దూరమైనది కాదు.

లాలాజలమునిచ్చు పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు ఒకటి, దవడ క్రింద ఒకటి, నాలుక క్రింద ఒకటి. ఇవిగాక పెదవులలోను, బుగ్గలలోను, అంగిటిలోను చిన్న గ్రంథులు వందలకొలది కలవు. అన్నియు కలిసి దినమునకు సుమారు అర లీటరు మొదలు ఒకటిన్నర లీటరు వరకు ఊరించును. భోజనవేళ ఎక్కువ ఊటనిచ్చునవి చెవిముందరి గ్రంథులు. తక్కిన వేళల నోటిని తడిగా నుంచునవి ముఖ్యముగా దవడక్రింది గ్రంథులు.

క్యాన్సరు కణములను చంపుటకు సాధారణముగా ఆరేడు వారములలో 60 మొదలు 70 గ్రేల కిరణమాత్ర నిత్తురు. ‘గ్రే’ యనగా శరీరము గ్రహించిన కిరణశక్తికి కొలత. చెవిముందరి గ్రంథికి చేరు సగటు మాత్ర 26 గ్రేలకు లోబడియున్నచో దాని ఊట చాలవరకు కోలుకొనునని అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యులు 1999లో తెలిపిరి.

మరి కణితికి 70 గ్రేలు, ప్రక్కనున్న గ్రంథికి 26కు తక్కువ—ఇది ఎట్లు సాధ్యము? ఒక మడికి నీరు పెట్టు రైతు ప్రక్కమడికి పోకుండ గట్టు వేయును గదా! అట్లే కిరణములను పలు దిక్కులనుండి, తీవ్రతను మార్చుచు పంపు పద్ధతి యొకటి కలదు. దానిని ఐ.ఎం.ఆర్.టి. అందురు. బ్రిటనులో 94 మంది రోగులపై జరిపిన పరీక్షాఫలితములు 2011లో వెలువడినవి. చికిత్స ముగిసిన ఏడాదికి, పాతపద్ధతిలో నూటికి 74 మందిని నోరెండుట గట్టిగా బాధింపగా, ఈ పద్ధతిలో 38 మందిని మాత్రమే బాధించెను.

ఇతర మార్గములును కలవు. అమిఫోస్టిన్ అను మందును ప్రతి చికిత్సకు ముందు సూదిద్వారా ఇచ్చినచో గ్రంథులకు కొంత రక్షణ కలుగును. కాని వాంతులు, రక్తపోటు పడిపోవుట దాని దోషములు. కెనడా వైద్యులు కొందరికి దవడక్రింది గ్రంథిని ముందుగానే గడ్డము క్రిందికి జరిపి కిరణముల దారినుండి తప్పించిరి. చికిత్సానంతరము ఇచ్చు పైలోకార్పిన్ మిగిలిన కణములను ప్రేరేపించునే గాని, చచ్చినవానిని బ్రతికింపజాలదు.

కావున అడుగవలసిన కాలము చికిత్సకు ముందే. “నా గ్రంథులలో ఒక్కటియైనను కాపాడ వీలగునా?” అని వైద్యుని అడుగుడు. కణితి గ్రంథి నానుకొనియున్నచో వీలుకాకపోవచ్చును. వ్యాధిని నిర్మూలించుటయే ప్రథమ ధర్మము. దంతవైద్యునికి ముందే చూపించుకొని, తీయవలసిన దంతములను తీయించి, గాయము మానిన పిమ్మట చికిత్సకు పోవుట మేలు. తరువాత తీయించినచో దవడ యెముక మానక చెడు ప్రమాదము కలదు. పొగాకు మానవలెను.

ప్రాణము దక్కినవారికి అన్నపు రుచియు దక్కవలెను. ముందుగా అడిగిన ఒక్క ప్రశ్న అందుకు తోడ్పడవచ్చును.