పరిశోధనకు సొమ్ముంది... అడిగేవారేరీ?

* కేంద్ర నిధులకు రాష్ట్రాల హద్దుల్లేవు
* ఎంబీబీఎస్ విద్యార్థి నుంచి ప్రొఫెసరు దాకా అవకాశం
* సరిహద్దు తెలుగువారికి భాషే పెట్టుబడి

పావగడ, బాగేపల్లి పల్లెల్లో పళ్లకు గార కట్టిన పిల్లలు కనిపిస్తారు. సోలాపుర్‌లో తెలుగింటి ఆడవాళ్లు పొగాకు ఘాటు పీలుస్తూనే బీడీలు చుడుతుంటారు. రాయగడ, కొరాపుట్ కొండల్లో సికిల్‌సెల్ రక్తహీనత తరతరాలుగా వస్తోంది. జబ్బుల పేర్లు అందరికీ తెలుసు. మన ఊళ్లో ఎందరికి ఉంది, ఏం చేస్తే తగ్గుతుంది అని అడిగితే మాత్రం చెప్పేవారు తక్కువ. ఆ లెక్క తీయడానికి, ఆ మార్గం వెదకడానికి కేంద్ర ప్రభుత్వం ఏటా డబ్బులిస్తోంది. ఆ సంగతి మన వైపు కళాశాలల్లో చాలామంది చెవిన పడదు.

సరిహద్దు తెలుగు విద్యార్థిది ఎప్పుడూ రెండు పడవల ప్రయాణమే. ఆంధ్ర, తెలంగాణలకు వెళితే 'నాన్‌లోకల్' అంటారు. ఉన్నచోట భాషా మైనారిటీ. రాష్ట్ర ప్రభుత్వాల ఉపకార వేతనాల దగ్గర ఈ చిక్కులన్నీ ఎదురవుతాయి. వైద్య పరిశోధనకు కేంద్రం ఇచ్చే నిధుల దగ్గర ఆ పేచీ లేదు. నీ మాతృభాష ఏది, ఏ రాష్ట్రంవాడివి అని చూడరు. చదువు, పనిచేసే సంస్థ, రాసిన ప్రతిపాదన... ఈ మూడే చూస్తారు.

మద్రాసు నేర్పిన పాఠం

పరిశోధనకు పెట్టిన సొమ్ము వృథా అనుకునేవారు చెన్నై కథ వినాలి. ఒకప్పుడు క్షయ వస్తే శానిటోరియంలో నెలల తరబడి ఉండాల్సిందే. పడకలేమో కొద్ది, రోగులేమో లక్షలు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి మద్రాసులో ఓ కేంద్రం తెరిచాయి. 193 మంది రోగులను తీసుకున్నారు. కొందరిని శానిటోరియంలో ఉంచారు, మిగిలినవారికి ఇంటి దగ్గరే మందులిచ్చారు. అందరికీ ఏడాది పాటు అవే మందులు. 1959లో ఫలితాలు వచ్చాయి. ఇరుకిళ్లలో, అరకొర తిండితో ఉన్నవారికీ జబ్బు దాదాపు అంతే బాగా నయమైంది. ఇంట్లోవాళ్లకు అంటుకునే ముప్పూ పెరగలేదు. క్షయ రోగి ఇంట్లోనే ఉండి మందులు వేసుకోవచ్చన్న నేటి పద్ధతికి అదే పునాది. ఆ కేంద్రమే నేడు చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ.

ఫ్లోరైడ్ సంగతీ అంతే. నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకలను వంచేస్తుందని మన దేశంలో మొదట గట్టిగా చెప్పింది 1937లో. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసి రాసిన నివేదిక అది. అంతవరకు అదేదో ఊరి శాపం అనుకున్నారు. కారణం తెలిశాకే మంచినీటి పథకాల మాట వచ్చింది. తమిళనాడులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్లు తెచ్చిన పథకం పేరులోనే 'ఫ్లోరోసిస్ నివారణ' అని ఉంది. 2013లో ఆ పథకం మొదలయ్యాక హోసూరు వైపు తెలుగు పల్లెలకూ ఆ నీరు చేరింది.

అన్ని కథలూ ఇలా ముగియలేదు. ఒడిశా అంచున ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇక పరిశోధన సాగాలి. అందుకు మనుషులు కావాలి.

ఎవరికి ఏది?

ఎంబీబీఎస్, బీడీఎస్ చదువుతున్నవారికి: ఐసీఎంఆర్ 1979 నుంచి స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం (ఎస్‌టీఎస్) నడుపుతోంది. సొంత కళాశాలలోనే ఓ అధ్యాపకుడిని గైడ్‌గా పెట్టుకుని, రెండు నెలల్లో చిన్న పరిశోధన పూర్తిచేయాలి. నివేదిక ఆమోదం పొందితే ధ్రువపత్రంతోపాటు ఉపకార వేతనం చేతికొస్తుంది. సొమ్ముకంటే విలువైనది మరొకటుంది. పరిశోధన అంటే ఏమిటో ఇరవై ఏళ్లకే తెలుస్తుంది.

ఎమ్మెస్సీ చేసినవారికి: జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) ఉంది. ఐసీఎంఆర్, బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), సీఎస్‌ఐఆర్-యూజీసీ జాతీయ స్థాయి పరీక్షల ద్వారా ఎంపిక చేస్తాయి. 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన రేటు ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, ఆ తర్వాత రూ.42,000 ఇస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. పీహెచ్‌డీ అంటే ఇంటి మీద భారం అనుకునే తల్లిదండ్రులు ఈ అంకె ఒకసారి చూసుకోవాలి.

వైద్యులు, అధ్యాపకులకు: ఐసీఎంఆర్ బయటి సంస్థలకు ఇచ్చే ప్రాజెక్టు నిధులున్నాయి. 2007లో ఏర్పడిన ఆరోగ్య పరిశోధన విభాగం (డీహెచ్‌ఆర్) యువ శాస్త్రవేత్తలకు, కుటుంబ బాధ్యతల వల్ల విరామం తీసుకున్న మహిళలకు ఫెలోషిప్‌లు పెట్టింది. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బహుళ విభాగ పరిశోధన యూనిట్లకూ ఆ విభాగమే సొమ్మిచ్చింది. మీ కళాశాలలో అలాంటి యూనిట్ ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే ప్రయోగశాల కోసం బయటికి పరుగెత్తే పని తగ్గుతుంది.

పీహెచ్‌డీ, ఎండీ తర్వాత: డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008 నుంచి నడుపుతున్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు పెద్దవి. కార్యాలయం హైదరాబాదులోనే. మూడో దశకు 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మొత్తం రూ.1,500 కోట్లు. అందులో డీబీటీ వాటా రూ.1,000 కోట్లు.

కొత్త పరికరం, కొత్త పరీక్ష తయారుచేస్తామనేవారికి: బైరాక్ సంస్థ 'బిగ్' పథకం కింద 18 నెలలకు రూ.50 లక్షల దాకా ఇస్తుంది.

చదువుకుంటూ ఈ దారిలోకి రావాలంటే చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ పరిశోధన కేంద్రం, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పీజీ కోర్సులు నడుపుతున్నాయి. ఈ మూడూ ఐసీఎంఆర్ సంస్థలే. యానాం పిల్లలకు పుదుచ్చేరి కేంద్రం సొంతింటి లాంటిది. దోమల మీద, బోదకాలు మీద 1975 నుంచి అక్కడ పని జరుగుతోంది.

ప్రశ్న పదునైతేనే పైసలు

దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది ప్రశ్న సరిగా లేకే. 'మా తాలూకాలో ఫ్లోరైడ్ సమస్య' అని రాస్తే అది వార్తవుతుంది, పరిశోధన కాదు. 'ఆర్వో ప్లాంటు నీళ్లు తాగే ఇళ్లలో ఎనిమిదేళ్ల పిల్లల పళ్ల గార, బోరు నీళ్లు తాగే ఇళ్లలోకంటే తక్కువగా ఉందా?' అని రాస్తే అది ప్రశ్న. ఎవరిని చూడాలి, ఎందరిని చూడాలి, ఏం కొలవాలి... అన్నీ అందులోంచే వస్తాయి. రెండు నెలల్లో దంత వైద్య విద్యార్థి చేయగల పని. సోలాపుర్‌లో అయితే మరమగ్గాల చప్పుడులో పదేళ్లు పనిచేసినవారి వినికిడి పరీక్షించవచ్చు.

తర్వాత ఖర్చు లెక్క. ప్రాజెక్టు సొమ్ము మనిషి చేతికి రాదు, సంస్థ ఖాతాకు వస్తుంది. సిబ్బంది జీతాలు, రసాయనాలు, పరికరాలు, ప్రయాణాలు... దేనికి ఎంత అని ముందే చూపాలి. ఏటా ఖర్చు ధ్రువపత్రం పంపితేనే తర్వాతి వాయిదా. మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా సంస్థ నైతిక విలువల కమిటీ అనుమతి తప్పనిసరి.

భాషే బలం

ఇక్కడే మనవాళ్లకు ఓ మేలు ఉంది. అధ్యయనంలో చేరేవారికి అర్థమయ్యే భాషలోనే విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతున్నాయి. బళ్లారి పల్లెలో తెలుగు మాత్రమే వచ్చిన అవ్వ చేత కన్నడ పత్రం మీద వేలిముద్ర వేయిస్తే అది సమ్మతి కాదు. బరంపురంలో ఒడియా పత్రమైనా, సిరొంచలో మరాఠీ పత్రమైనా అంతే. 'అవ్వా, ఈ సూది ఎందుకంటే...' అని ఆమె మాటల్లో చెప్పగలిగేవారు, ఆఫీసు కాగితం ఆ రాష్ట్ర భాషలో నడపగలిగేవారు ఆ జట్టులో ఉండాలి. రెండు భాషలూ వచ్చిన మన పిల్లలకంటే ఆ పనికి తగినవారెవరు? దరఖాస్తులో ఈ సంగతి ఒక్క వాక్యంగానైనా రాయండి. తెలుగు సమ్మతి పత్రం నమూనా కూడా జతచేయండి.

ఇవి మరవొద్దు

* ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ జాబితాలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. ఆంధ్రలో జాబితాలో ఉన్న కులం పక్క రాష్ట్రంలో ఉండకపోవచ్చు. ధ్రువపత్రం ఏ రాష్ట్రం నుంచి చెల్లుతుందో తహసీల్దారు కార్యాలయంలో ముందే తేల్చుకోండి. ఓబీసీలకు కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ పత్రం ఉండాలి.

* వయసు, మార్కుల నిబంధనలు, గడువు తేదీలు ఏటా ప్రకటనలో చూడాలి. నిరుటి కాగితం పట్టుకుని కూర్చోవద్దు.

* ప్రాజెక్టు మంజూరు చేయిస్తామని డబ్బులడిగే మధ్యవర్తుల్ని నమ్మొద్దు. దరఖాస్తు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే.

* మొదటిసారి తిరస్కరిస్తే నిపుణుల అభిప్రాయం చదవండి. సరిదిద్ది మళ్లీ పంపండి.

శ్రీకాకుళంలో 1921లో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి కాంగ్రా లోయలో గొంతువాపు మీద పరిశోధన చేసి, అయోడిన్ ఉప్పుతో దాన్ని తగ్గించవచ్చని చూపారు. తర్వాత 1979 నుంచి 1986 దాకా ఐసీఎంఆర్‌కే అధిపతి అయ్యారు. ఎక్కడి శ్రీకాకుళం, ఎక్కడి కాంగ్రా! మన పిల్లలకు అంత దూరం వెళ్లే పని కూడా లేదు. ప్రశ్న ఇంటి ముందరి బోరు దగ్గరే ఉంది. సొమ్ము ఢిల్లీలో ఉంది. మధ్యలో కావలసింది ఓ మంచి దరఖాస్తు.