ఆరిన కొవ్వొత్తి పొగలో ఏముంది?

వెలుగుతున్న కొవ్వొత్తిని ఉఫ్‌మని ఊదితే ఒత్తి కొసనుంచి తెల్లటి పొగ తీగలా లేస్తుంది. గాలి కదలని గదిలో, వెలిగించిన అగ్గిపుల్లను వెంటనే ఆ పొగకు చూపించండి. ఒత్తిని తాకనక్కర్లేదు, అంగుళం ఎత్తున పెట్టినా చాలు. మంట పొగ వెంట కిందికి దూకి ఒత్తిని అంటుకుంటుంది. (పిల్లలు చేస్తే పక్కన పెద్దవాళ్లుండాలి.)

ఆ తెల్లపొగ ఆవిరైన మైనమే. చల్లబడి సన్నని తుంపరగా మారింది. కొవ్వొత్తిలో మండేది ఈ ఆవిరి. కరిగిన మైనం ఒత్తి నూలు సందుల్లోంచి పైకి పాకి, మంట వేడికి ఆవిరవుతుంది. పైకి లేచే వేడిగాలి చోటులోకి చుట్టుపక్కల చల్లగాలి వచ్చి కొవ్వొత్తి అంచును కరగనివ్వదు. కాబట్టి నడుమ గిన్నెలా గుంట పడి, ద్రవం ఒలికిపోకుండా నిలుస్తుంది. కదిలే భాగం ఒక్కటీ లేని యంత్రమిది.

ఈ పనితనాన్ని మైకేల్ ఫారడేకన్నా మురిసిపోతూ చూపినవాళ్లు అరుదు. విద్యుత్తు యుగానికి పునాది వేసిన ఆ కమ్మరి కొడుకు, 1860-61 క్రిస్మస్ సెలవుల్లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో కొవ్వొత్తి మీదే పిల్లలకు ఆరు ఉపన్యాసాలిచ్చాడు. వంచిన గాజుగొట్టం కొసను మంట నడిమి నల్లటి భాగంలో ఉంచి, లోపలి ఆవిరిని బయటికి రప్పించి, గొట్టం రెండో కొసన వెలిగించాడు. ఒకే కొవ్వొత్తికి రెండు మంటలు! పసుపు వెలుగు ఎక్కడిదో కూడా వివరించాడు: మంటలో ఎర్రగా కాగిన మసి రేణువులది. మన ఇళ్లలో దీపం మీద పళ్లెం బోర్లించి కాటుకగా పట్టేది ఆ మసినే.

అప్పటికి కొవ్వొత్తి బాగా మారింది. అంతకుముందు పశువుల కొవ్వుతో చేసినవాటిని మాటిమాటికీ కత్తెరతో సవరించాల్సి వచ్చేది. పేనిన ఒత్తి మంట నడుమ నిటారుగా నిలిచేది. అక్కడ గాలి చాలదు, కొస కాలదు. అది పొడవై పొగ చిమ్మేది. 1825లో ఫ్రాన్స్‌లో కాంబసెరెస్ అనే ఆయన ఒత్తిని జడలా అల్లాడు. అల్లిన ఒత్తి కాలేకొద్దీ ఒక పక్కకు వంగుతుంది, కొస మంట అంచు దాటి గాలిలోకి వస్తుంది. అక్కడ ఎర్రగా కనిపించే చుక్క ఒత్తి బూడిదవుతున్న చోటు. ఇంత చిన్న మార్పుతో కత్తెరకు పనిపోయింది. నా లెక్కలో ఇది పశువుల కొవ్వుకు బదులు మైనం రావడంకన్నా పెద్ద ఆవిష్కరణ.